ఇంట్లో ఇంగ్లిష్ ఆఫ్టర్‌నూన్ టీ ఎలా పెట్టాలి: నాలుగింటికి గెస్టులు వస్తున్నారంటే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

యూకేకి వచ్చిన మనవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నే ఇది. పక్కింటి ఇంగ్లిష్ ముసలి దంపతుల్నో, బాబు స్కూల్ ఫ్రెండ్ వాళ్ళ అమ్మానాన్నల్నో ఒకసారి టీకి పిలుద్దాం అనుకుంటున్నాం, ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, హోటళ్ళలో ఉండే ఆ మూడంతస్తుల స్టాండ్ కొనాలా, మన అల్లం టీ ఇస్తే తాగుతారా. ప్రతి సమ్మర్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, అందుకే మొత్తం ఒకేచోట రాసేస్తున్నా.

స్టాండ్ కొనక్కర్లేదు. రెండు మూడు రకాల శాండ్‌విచ్‌లు, వేడి స్కోన్లు (జామ్, క్రీమ్ పెట్టుకుని తినే చిన్న గుండ్రటి బన్నుల్లాంటివి), ఒక్క కేకు, సరిగ్గా పెట్టిన టీ, ఇంతే. మనవాళ్ళకి ఎక్కడ తేడా కొడుతుందంటే, మర్యాద తక్కువవుతుందేమో అని సమోసాలు, బజ్జీలు, గులాబ్‌జామూన్ అన్నీ పెట్టుకుంటాం, ఆ హడావిడిలో స్కోన్లు చల్లారిపోతాయి, శాండ్‌విచ్‌లు ఎండిపోతాయి, ఇంటావిడ కిచెన్‌లోంచి బయటికి రాదు. ఐటమ్స్ తగ్గించి గడియారం చూసుకుంటే చాలు.

పిలిచే ముందు: టైమ్ క్లియర్‌గా చెప్పండి

ఈ అలవాటు సుమారు 1840 ప్రాంతంలో డచెస్ ఆఫ్ బెడ్‌ఫర్డ్ ఆన్నా గారి దగ్గర మొదలైందని చెప్తారు, మధ్యాహ్నం తేలికపాటి భోజనం, రాత్రి డిన్నరేమో ఎనిమిదింటికి, మధ్యలో ఆకలి, అందుకని నాలుగైదు మధ్య టీ, బ్రెడ్డు, కేకు తెప్పించుకునేదట. వాళ్ళ బంగళా వోబర్న్ ఆబీ మిల్టన్ కీన్స్‌కి దగ్గరే. హిస్టరీ ఇంతకంటే అక్కర్లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది వేరే. ఇక్కడ చాలా ఇళ్ళలో, ముఖ్యంగా నార్త్ ఇంగ్లండ్‌లో, ఉత్తినే "టీ" అంటే సాయంత్రం ఐదు ఆరు మధ్య తినే భోజనం. మీ పాప ఫ్రెండ్‌ని టీకి పంపించండి అన్నారనుకోండి, ఆ పిల్ల కడుపు నిండా తిని వస్తుందని వాళ్ళమ్మ లెక్క, పాస్తానో ఫిష్ ఫింగర్సో చిప్సో పెట్టకుండా రెండు బిస్కెట్లు పెట్టి పంపిస్తే ఆ పిల్ల ఇంటికెళ్ళి ఆకలని ఏడుస్తుంది. అలాగే హై టీ అంటే ఇంకా గొప్ప టీ అనుకుంటారు మనవాళ్ళు, కాదండి, అది పాతకాలంలో పనిచేసి ఇంటికొచ్చినవాళ్ళు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మాంసం, చీజ్, బ్రెడ్ తినే సాయంత్రం భోజనం. కాబట్టి మెసేజ్‌లో "శనివారం నాలుగింటికి ఆఫ్టర్‌నూన్ టీ, స్కోన్లు కేకు ఉంటాయి" అని రాసెయ్యండి, కన్‌ఫ్యూజన్ ఉండదు.

అదే మెసేజ్‌లో ఎలర్జీలు ఏమైనా ఉన్నాయా, వెజిటేరియనా వీగనా అని అడిగెయ్యండి. మొహమాటం వద్దు, ఇక్కడ అందరూ అడుగుతారు, అడక్కపోతేనే ఇబ్బంది.

కావలసినవి (ఆరుగురికి)

శాండ్‌విచ్‌లకి: 800 గ్రాముల మెత్తటి మీడియం స్లైస్ బ్రెడ్ ఒకటి, రూమ్ టెంపరేచర్‌లో మెత్తబడిన బటర్, పెద్ద కీరా ఒకటి, గుడ్లు 4, మయొనీజ్, క్రెస్ ఒక చిన్న డబ్బా (మొలకల్లా ఉంటుంది, సూపర్‌మార్కెట్‌లో సలాడ్ల దగ్గర దొరుకుతుంది), చెడ్డర్ చీజ్, బ్రాన్‌స్టన్ పికిల్ (కూరగాయ ముక్కల పులుపు తీపి పచ్చడి) లాంటిది ఏదైనా.

స్కోన్లకి: సెల్ఫ్ రైజింగ్ పిండి 225 గ్రాములు, బేకింగ్ పౌడర్ 1 టీస్పూన్, చల్లటి బటర్ 55 గ్రాములు, క్యాస్టర్ షుగర్ (సన్నటి పంచదార) 25 గ్రాములు, పాలు 130 నుంచి 150 ఎం.ఎల్., చిటికెడు ఉప్పు. ఏడెనిమిది వస్తాయి, పిల్లలు ఎక్కువుంటే డబుల్ చేసుకోండి. పైన పెట్టుకోవడానికి స్ట్రాబెర్రీ జామ్, క్లాటెడ్ క్రీమ్ (మీగడలా గట్టిగా ఉండే క్రీమ్).

కేకుకి (విక్టోరియా స్పాంజ్, అంటే మధ్యలో జామ్ పెట్టే రెండు పొరల మెత్తటి కేకు): గుడ్లు 4, బటర్, క్యాస్టర్ షుగర్, సెల్ఫ్ రైజింగ్ పిండి తలా 225 గ్రాములు, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, రాస్ప్‌బెర్రీ జామ్, 20 సెంటీమీటర్ల టిన్నులు రెండు.

టీకి: లీటర్ పట్టే టీపాట్ ఒకటి, అస్సాం లేదా ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ టీ, ఇంకొకటి ఎర్ల్ గ్రే (బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు వాసన ఉండే టీ), సెమీ స్కిమ్డ్ పాలు (ఆకుపచ్చ లేబుల్), పంచదార, నిమ్మకాయ.

సెల్ఫ్ రైజింగ్ పిండి దొరకని చోట, అంటే ఇండియాలో చేసేవాళ్ళు, 150 గ్రాముల మైదాకి 2 టీస్పూన్ల బేకింగ్ పౌడర్ కలిపి రెండుసార్లు జల్లించుకోండి. పాత బేకింగ్ పౌడర్ అయితే అర టీస్పూన్ వేడినీళ్ళలో వేసి చూడండి, బుసబుసా పొంగితే పనికొస్తుంది, లేకపోతే పారెయ్యండి, దానితో ఎన్ని తంటాలు పడ్డా స్కోన్ లేవదు.

స్టెప్ 1. ముందురోజు: కేకు, కెటిల్

విక్టోరియా స్పాంజ్ ముందురోజు రాత్రే చేసుకోండి, ఏమీ కాదు. గుడ్లని పెంకులతోనే తూచండి, ఎంత బరువుంటే బటర్, షుగర్, పిండి తలా అంతే, ఈ ఒక్క లెక్క గుర్తుంటే రెసిపీ చూడక్కర్లేదు. బటర్, షుగర్ తెల్లబడి నురుగ్గా అయ్యేదాకా నాలుగైదు నిమిషాలు బీట్ చెయ్యాలి, తర్వాత గుడ్లు ఒక్కోటి, విరిగినట్టు కనిపిస్తే ఓ స్పూన్ పిండి వేసేస్తే సర్దుకుంటుంది, చివర్లో మిగతా పిండి, బేకింగ్ పౌడర్ వేసి గరిటెతో మెల్లగా కలపాలి. రెండు టిన్నుల్లో సమంగా వేసి 180 డిగ్రీలు, ఫ్యాన్ ఓవెన్ అయితే 160, 20 నుంచి 25 నిమిషాలు. మొదటి పావుగంట ఓవెన్ డోర్ తియ్యొద్దు, మధ్యలో కుంగిపోతుంది.

అయిందా లేదా చూడ్డం: మధ్యలో వేలితో నొక్కితే మళ్ళీ పైకి రావాలి, అంచులు టిన్ను నుంచి కొంచెం విడాలి, పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. పూర్తిగా చల్లారాకే మధ్యలో జామ్ రాయండి, పైన షుగర్ చల్లండి చాలు. విప్డ్ క్రీమ్ పెడితే మాత్రం తినే రోజే పెట్టుకోండి, ఫ్రిజ్‌లో ఉంచాలి. నా వరకు ఉత్త జామే బాగుంటుంది, ఎలాగూ స్కోన్లకి బోలెడు క్రీమ్ ఉంది.

గుడ్డు తినని ఇల్లయితే ఈ కేకు వదిలేసి షార్ట్‌బ్రెడ్ చెయ్యండి, అందులో అసలు గుడ్డే ఉండదు. షుగర్ 50 గ్రాములు, బటర్ 100, మైదా 150, కలిపి ముద్దచేసి ఒత్తి, ఫోర్క్‌తో గుచ్చి, 160 డిగ్రీల్లో అంచులు లేత బంగారు రంగు వచ్చేదాకా, సుమారు పాతిక నిమిషాలు. మెత్తగా ఉన్నప్పుడే ముక్కలు కొయ్యాలి, చల్లారితే విరుగుతుంది. అదే టైమ్‌లో ఇంకోటి కూడా చూసుకోండి, షాపులో కొనే మూస్, మార్ష్‌మల్లో, జెల్లీ స్వీట్లలో చాలావాటిలో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) ఉంటుంది, శాకాహారులు డబ్బా వెనక చదివి కొనాలి.

లండన్, రెడింగ్ వైపు ఉండేవాళ్ళు ముందురోజే కెటిల్ కడుక్కోండి. ఇక్కడి నీళ్ళు బాగా కఠినం, కెటిల్ అడుగున తెల్లటి సున్నం పేరుకుంటుంది, టీ మీద నూనె తెట్టులా ఒకటి తేలుతుంది, గెస్టులు ఏమీ అనరుగానీ చూస్తారు. వెనిగర్ సగం, నీళ్ళు సగం పోసి కాచి అరగంట వదిలేసి, రెండు మూడుసార్లు మంచినీళ్ళు కాచి పారబొయ్యండి. ఫిల్టర్ జగ్ నీళ్ళు వాడితే ఆ తెట్టు బాగా తగ్గుతుంది, కఠినమైన నీళ్ళ కోసమే చేసిన టీబ్యాగులు కూడా అమ్ముతారు. మాంచెస్టర్, గ్లాస్గో వాళ్ళకి ఈ గొడవే లేదు.

స్టెప్ 2. రెండున్నరకి: శాండ్‌విచ్‌ల పని

కీరా చెక్కు తీసి వీలైనంత పల్చగా చక్రాల్లా కోసి, కొంచెం ఉప్పు చల్లి 20 నిమిషాలు జల్లెడలో వదిలెయ్యండి, నీళ్ళు దిగుతాయి, తర్వాత కిచెన్ టవల్ మీద పరిచి అద్దెయ్యండి. ఇది మానేస్తే గంటలో బ్రెడ్ ముద్దైపోతుంది. ఉడికించిన గుడ్లు ఫోర్క్‌తో చిదిమి మూడు స్పూన్ల మయొనీజ్, ఉప్పు, మిరియాలపొడి, కత్తెరతో కత్తిరించిన క్రెస్ కలపండి. చెడ్డర్ తురిమి పికిల్‌తో కలుపుకోండి.

మూడింటికి బ్రెడ్ పని. ప్రతి స్లైస్‌కీ అంచుల దాకా బటర్ రాయాలి, కిందదానికీ పైదానికీ లోపలివైపు, ఇది రుచి కోసమే కాదు, లోపలి తడి బ్రెడ్‌లోకి దిగకుండా బటర్ అడ్డం పడుతుంది. ఫిల్లింగ్ పల్చగానే పెట్టండి, మనకి కూరినట్టు పెట్టే అలవాటు, కానీ రెండు వేళ్ళతో పట్టుకుని తినేది కదా, జారిపోకూడదు. పెట్టాక పైన అరచేత్తో మెల్లగా నొక్కి, రంపం పళ్ళ కత్తితో నాలుగువైపులా అంచులు తీసేసి, ఒక్కోదాన్ని మూడు పొడుగు ముక్కలు చెయ్యండి. అంచులు ముందే తీస్తే ముక్కలు సమంగా రావు. మనిషికి నాలుగు ముక్కలు లెక్క, అంటే ఆరుగురికి 24, 16 స్లైసులు సరిపోతాయి. కొద్దిగా తడిపి పిండిన పల్చటి గుడ్డో క్లింగ్ ఫిల్మో కప్పి ఉంచండి, గాలి తగిలితే పది నిమిషాల్లో అంచులు పైకి ముడుచుకుంటాయి.

మనది ఒక్కటి పెట్టాలనిపిస్తే ఇక్కడే పెట్టండి, కీరా ముక్కల కింద కొత్తిమీర పచ్చడి పల్చగా రాయండి, కారం మాత్రం సగానికి సగం తగ్గించి. నాకు తెలిసి అది ఎప్పుడూ మొదట ఖాళీ అవుతుంది.

స్టెప్ 3. మూడింబావుకి: స్కోన్లు

ఓవెన్ 220 డిగ్రీలు, ఫ్యాన్ అయితే 200, ముందే ట్రే కూడా లోపల పెట్టి వేడి చెయ్యండి. పిండి, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి, ఫ్రిజ్‌లోంచి తీసిన బటర్ చిన్న ముక్కలు చేసి వేళ్ళ కొసలతో నలపండి, రవ్వ రవ్వగా అయ్యేదాకా. అరచేతులు వాడొద్దు, వేడికి బటర్ కరిగిపోతుంది. షుగర్ వేసి, మధ్యలో గుంట చేసి పాలు పోసి, టేబుల్ నైఫ్‌తో నాలుగు తిప్పులు తిప్పండి. పాలు అన్నీ ఒకేసారి పొయ్యొద్దు, పిండిని బట్టి రెండు స్పూన్లు అటూ ఇటూ అవుతుంది. ముద్ద మెత్తగా కాస్త అంటుకుంటూ ఉండాలి, పొడిగా ఉంటే స్కోన్ రాయవుతుంది.

ఇప్పుడు ముఖ్యమైనది. చపాతీ పిండిలా పిసకొద్దు. మన చేతులకి పిండి కనిపిస్తే మర్దించడమే తెలుసు, ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచుతుంది. పొడిపిండి చల్లిన బల్ల మీద రెండు మూడుసార్లు మడిచి, చేత్తోనే తట్టి 2.5 సెంటీమీటర్ల మందం చెయ్యండి. కర్ర వద్దు, పల్చనైపోతుంది. 5 సెంటీమీటర్ల కట్టర్‌కి పిండి అద్ది నిటారుగా కిందకి గుచ్చి నిటారుగా పైకి తియ్యండి, తిప్పొద్దు, తిప్పితే ఒకవైపు ఒరిగిపోయి లేస్తాయి. కట్టర్ లేకపోతే స్టీల్ గ్లాసు వాడతాం మనం, దాని అంచు మొద్దుగా ఉండి పక్కలు నొక్కుకుపోతాయి, దానికంటే కత్తితో చతురస్రాలు కోసుకోవడం మేలు. పైన మాత్రమే పాలు పుయ్యండి, పక్కలకి కారితే అక్కడ అతుక్కుని పైకి లేవవు.

12 నుంచి 15 నిమిషాలు. పెట్టిన మందానికి దాదాపు రెట్టింపు లేచి, పైన బంగారు రంగు వచ్చి, అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి. నడుం దగ్గర పక్కన ఒక చీలిక కనిపిస్తే బాగా వచ్చినట్టే, చేత్తో విరిస్తే అక్కడే రెండవుతుంది.

సరిగ్గా రాకపోతే: అప్పచ్చుల్లా ఉన్నాయంటే పిండి పల్చగా తట్టారు, లేదా బేకింగ్ పౌడర్ పాతది. గట్టిగా ఉన్నాయంటే ఎక్కువ పిసికారు, లేదా ఓవెన్‌లో ఎక్కువసేపు ఉంచారు. నాలుక మీద సోడా రుచి తగిలితే బేకింగ్ పౌడర్ ఎక్కువైంది. పైన మాడి లోపల పిండిగా ఉంటే పై అరలో పెట్టారు, మధ్య అరకి మార్చండి.

టైమ్ లేకపోతే సూపర్‌మార్కెట్ స్కోన్లు కొనుక్కోండి, సిగ్గేం లేదు, ఇంగ్లిష్ వాళ్ళూ చాలామంది అదే చేస్తారు. 160 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నిమిషాలు వేడిచెయ్యండి, మైక్రోవేవ్ మాత్రం వద్దు, పది నిమిషాల్లో రబ్బరవుతాయి.

క్లాటెడ్ క్రీమ్‌ని చిలక్కూడదు, డబ్బాలోంచి గట్టిగా స్పూన్‌కి తీసుకునేదే. దాని బదులు స్ప్రే క్రీమ్ డబ్బా మాత్రం తేకండి, వేడి స్కోన్ మీద నిమిషంలో నీరైపోతుంది. ఇండియాలో ఉన్నవాళ్ళు గేదెపాల మీగడ రెండు రోజులు ఫ్రిజ్‌లో కూడబెట్టి అలాగే వాడితే చాలా దగ్గరగా వస్తుంది. క్రీమ్ ముందా జామ్ ముందా అని అడుగుతారు కదా, డెవన్ వాళ్ళు క్రీమ్ కింద జామ్ పైన, కార్న్‌వాల్ వాళ్ళు జామ్ కింద క్రీమ్ పైన. టేబుల్ మీద రెండు గిన్నెలు పెట్టి వదిలెయ్యండి, ఎవరిష్టం వాళ్ళది, ఆ వాదన వాళ్ళే మొదలుపెట్టుకుంటారు, మాటలు వెతుక్కునే బాధ తప్పుతుంది.

స్టెప్ 4. బెల్ మోగాక: టీ

ముందే టీ పెట్టి ఉంచొద్దు. బెల్ మోగాక కెటిల్ ఆన్ చేస్తే, కోట్లు విప్పి కూర్చునేలోపు కాగుతుంది.

పాట్‌లో వేడినీళ్ళు పోసి తిప్పి పారబొయ్యండి, పాట్ చల్లగా ఉంటే టీ దిగదు. లీటర్‌కి ఆకు టీ అయితే నాలుగైదు టీస్పూన్లు, బ్యాగులైతే మూడు నాలుగు. మరుగుతున్న నీళ్ళే పొయ్యాలి, ఒకసారి కాచి చల్లారినవి కాదు. మూత పెట్టి నాలుగు నిమిషాలు. స్టవ్ మీద పెట్టి మరిగించడం, పాలు వేసి కాచడం, యాలకులు దంచడం ఇవేవీ వద్దు ఇవాళ. బ్యాగులు తీసెయ్యండి లేకపోతే రెండో కప్పుకి చేదైపోతుంది. పక్కన ఉత్త వేడినీళ్ళ జగ్గు ఒకటి పెడితే లైట్ కావాలన్నవాళ్ళు కలుపుకుంటారు.

పాలు చల్లగానే, చిన్న జగ్గులో. మనం వేడిపాలు ఇస్తాం, వాళ్ళకి అది నచ్చదు, కాచిన పాల వాసన అంటారు. ముందు టీ పోసి తర్వాత పాలు పోస్తే రంగు చూసుకుంటూ ఆపొచ్చు, ఇటుక రంగు కొంచెం లేతబడినట్టు ఉంటే కరెక్ట్. ఎర్ల్ గ్రేకి పాలో నిమ్మచక్రమో ఏదో ఒకటే ఇవ్వండి, రెండూ వేస్తే కప్పులోనే విరిగిపోతాయి. పంచదార ఎన్ని స్పూన్లు అని అడగండి, చాలామంది అసలు వేసుకోరు, మనలా ముందే కలిపి తేవద్దు.

మన అల్లం టీ తాగుతారా అంటే తాగుతారు, ఇష్టంగానే తాగుతారు, కాకపోతే రెండో రౌండ్‌లో చిన్న కప్పుల్లో "ఇది మా ఇంటి టీ" అని ఇవ్వండి. స్కోన్‌తో పాటు మాత్రం వద్దు, క్రీమ్ మీద తియ్యటి చిక్కటి టీ బరువైపోతుంది.

స్టెప్ 5. టేబుల్ దగ్గర

మనిషికో చిన్న ప్లేటు, ఒక టేబుల్ నైఫ్, నాప్‌కిన్. శాండ్‌విచ్‌లు ముందు, తర్వాత స్కోన్లు, చివర్లో కేకు. స్టాండ్ ఎవరైనా గిఫ్ట్ ఇచ్చి ఉంటే కింద శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్లు, పైన కేకు. స్కోన్‌ని చేత్తో రెండు చేసి, సగం సగంగా జామ్ క్రీమ్ పెట్టుకుని విడివిడిగా తింటారు, బర్గర్‌లా మూతపెట్టి కొరకరు. చిటికెనవేలు పైకెత్తి కప్పు పట్టుకోవడం సినిమాల్లోదే.

ఇంకొకటి తీసుకోండి అని ఒకసారి అడగండి, కాసేపాగి మరోసారి అడగండి, అంతే. మూడోసారి ప్లేట్‌లో వేసేస్తే వాళ్ళు పారెయ్యలేరు, తినలేరు, పాపం ఇబ్బంది పడతారు. వద్దన్నారంటే నిజంగానే వద్దని. వాళ్ళు సరిగ్గా నాలుగింటికో ఐదు నిమిషాలు ఆలస్యంగానో వస్తారు, మనలా ఐదింటికి కాదు, పిల్లలుంటే ఐదున్నర ఆరుకి లేచి వెళ్ళిపోతారు, అప్పుడే వెళ్తున్నారేంటి నచ్చలేదా అనుకోవద్దు, పిల్లలకి స్నానం, నిద్ర టైమ్ అది. మీ ఇంట్లో చెప్పులు బయటే విప్పాలంటే గుమ్మం దగ్గర నవ్వుతూ చెప్పెయ్యండి, అర్థం చేసుకుంటారు.

రోజువారీ టీ ఇలా ఉండదు

ఇదంతా చూసి ఇంగ్లిష్ ఇళ్ళలో రోజూ స్కోన్లు అనుకునేరు. మామూలు రోజు పిల్లలు మూడింబావు మూడున్నరకి స్కూల్ నుంచి వస్తారు, పెద్దవాళ్ళకి మగ్గులో టీబ్యాగ్, పిల్లలకి స్క్వాష్ (నీళ్ళు కలిపిన పండ్ల సిరప్), ఓ టోస్టో క్రంపెట్టో (పైన చిల్లులుండే మెత్తటి గుండ్రటి రొట్టె), డైజెస్టివ్ బిస్కెట్లు, అంతే. కాబట్టి పక్కింటావిడ ఊరికే లోపలికి వస్తే ప్లేట్లు పింగాణీలు దించక్కర్లేదు, మగ్గు, బిస్కెట్ డబ్బా చాలు. ఇంటికి ప్లంబరో ఎలక్ట్రీషియనో వచ్చినా టీ తాగుతారా అని అడగడం ఇక్కడ పద్ధతి, పాలు ఎంత, షుగర్ ఎన్ని అని అడిగి చిక్కగా ఇవ్వండి. ఆఫీసులో మీ ఒక్కరికే టీ పెట్టుకుని రావడం మాత్రం బాగుండదు, చుట్టూ కూర్చున్నవాళ్ళని అడగాలి.

మిగిలినవి

గుడ్డు, చీజ్ శాండ్‌విచ్‌లు బయట రెండు గంటలు దాటితే పిల్లల డబ్బాల్లో పెట్టకండి, పారెయ్యండి. స్కోన్లు రెండోరోజుకే గట్టిపడతాయి, అందుకని ఆ సాయంత్రమే కవర్లో వేసి ఫ్రీజ్ చెయ్యండి, కావలసినప్పుడు 160 డిగ్రీల్లో పది నిమిషాలు. కేకులో జామ్ మాత్రమే ఉంటే మూత డబ్బాలో మూడు రోజులు బయటే ఉంటుంది, ఫ్రిజ్‌లో పెడితే ఎండిపోతుంది. క్లాటెడ్ క్రీమ్ తెరిచాక రెండు మూడు రోజుల్లో అయిపోవాలి, వేడి వేడి దోసె మీద కూడా బాగానే ఉంటుంది.